నెమ్మది విమానమే ముందు

వేర్వేరు కాలాల్లో పుట్టిన విమానాలను ఒకే ఆకాశంలో, రెక్క పక్కన రెక్కగా ఎగరేయడం ఎయిర్ షోల్లో అన్నిటికంటే కష్టమైన విద్య. 1916 నాటి సాప్‌విత్ పప్ తన శక్తినంతా కూడగట్టుకుని అందుకునే వేగం, 1940 నాటి స్పిట్‌ఫైర్ కిందికి దిగడానికి రన్‌వే వైపు తిరిగేటప్పటి వేగం. అదే స్పిట్‌ఫైర్ హాయిగా సాగే వేగంలో నేటి జెట్ ఫైటర్ ముక్కు పైకెత్తి, ఇంజన్ బలం మీద గాలిలో వేలాడాల్సి వస్తుంది. ఇన్ని తేడాలున్నా ఇవి కలిసి ఎగురుతాయి. ఎలా ఎగురుతాయో వరసగా చూడాలనుకునే వారికి ఇంగ్లండ్ తూర్పు భాగమే సరైన దారి. లండన్‌కు ఉత్తరాన బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఓల్డ్ వార్డెన్, అక్కడి నుంచి తూర్పుగా కేంబ్రిడ్జ్ దాపున డక్స్‌ఫర్డ్, ఇంకా నూరు కిలోమీటర్లకు పైగా ఉత్తరాన లింకన్‌షైర్‌లో కానింగ్స్‌బీ. మొదటి మైదానంలో విమానం పుట్టిన తొలి రోజులు, రెండో దానిలో రెండో ప్రపంచ యుద్ధం, మూడో దానిలో ఆ యుద్ధపు విమానాల పక్కనే నేటి జెట్లు కనిపిస్తాయి. దారి వెంట నడిస్తే కాలం కూడా వెంట నడుస్తుంది. వెళ్లాల్సిన కాలం వేసవి. ప్రదర్శనలన్నీ దాదాపు మే నుంచి అక్టోబరు మొదటి వారాల లోపే జరుగుతాయి.

ఓల్డ్ వార్డెన్‌కు రైలు దిగే ఊరు బిగుల్స్‌వేడ్. అక్కడి నుంచి పొలాల మధ్య సన్నటి రోడ్డు, పెంకుల మీద పచ్చగా నాచు పట్టిన ఇళ్లు, ఆ తరవాత ఒక ఎస్టేటు. ఆ ఎస్టేటు వారసుడు రిచర్డ్ షటిల్‌వర్త్ 1909లో పుట్టాడు. పాత కార్లన్నా, పాత విమానాలన్నా పడిచచ్చేవాడు. ఎవరికీ పనికిరావని వదిలేసిన యంత్రాలను 1930లలో ఏరి తెచ్చి బాగుచేయడం మొదలుపెట్టాడు. 1940 ఆగస్టులో వైమానిక దళంలో శిక్షణ పొందుతూ విమాన ప్రమాదంలో చనిపోయాడు. తల్లి డొరతీ 1944లో కొడుకు పేరున ట్రస్టు ఏర్పాటు చేసింది. ఆ ట్రస్టు చేతుల్లోని షటిల్‌వర్త్ కలెక్షన్ ఈనాటికీ ఒక నియమం మీద నడుస్తోంది: విమానాన్ని బాగుచేస్తే ఎగిరేలా చేయాలి. అద్దాల వెనక నిలబెట్టిన విమానం తన బరువెంతో, తన భయమేమిటో చూపించలేదు. ఈ విషయంలో ఓల్డ్ వార్డెన్‌దే సరైన దారి.

ఇక్కడున్న బ్లెరియో విమానం 1909 నాటిది. లూయీ బ్లెరియో ఆ ఏడాది జులై 25న ఇంగ్లిష్ ఛానల్ దాటింది ఈ రకం విమానంలోనే. సొంత ఇంజన్‌తో ఇంకా ఎగరగలుగుతున్న విమానాల్లో ప్రపంచంలో ఇదే అన్నిటికంటే పాతది. 1912లో ప్రమాదానికి గురై, లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ రైలు వంతెన కింద చాన్నాళ్లు పడి ఉంది. షటిల్‌వర్త్ దాన్ని 1935లో కొన్నాడు. 1912 నాటి బ్లాక్‌బర్న్ విమానం అతనికి ఒక కొట్టంలో గడ్డి కింద దొరికింది. ఎగరగలిగే బ్రిటిష్ విమానాల్లో అదే పెద్దది, వయసులో. ఎస్ఈ 5ఏ అనే మొదటి ప్రపంచ యుద్ధపు ఫైటర్ ఒక విమాన కంపెనీ షెడ్డు కప్పుకు వేలాడుతూ కనిపిస్తే దించి తెచ్చి 1950లలో మళ్లీ ఎగరేశారు. 1918 జులైలో ఇంద్రలాల్ రాయ్ అనే 19 ఏళ్ల కలకత్తా కుర్రాడు రెండు వారాలలోపే పది విజయాలు సాధించి, ఆ నెలలోనే ఫ్రాన్స్ ఆకాశంలో ప్రాణం విడిచింది ఈ రకం విమానంలోనే.

ఓల్డ్ వార్డెన్ రన్‌వేలు పచ్చిక బయళ్లు. అందం కోసం అలా ఉంచలేదు. ఆ కాలపు విమానాలకు బ్రేకులుండవు. తోక కింద చక్రం కూడా ఉండదు, ఒక కర్ర లాంటి ఆధారం మాత్రం ఉంటుంది. దిగాక అది గడ్డిని గీసుకుంటూ వేగాన్ని తగ్గిస్తుంది. సిమెంటు మీద దింపితే అటూ ఇటూ జారిపోతుంది. పక్కగాలి తగిలితే చాలు, రెక్క నేలకు తాకుతుంది. అందుకే బ్లెరియో, బ్లాక్‌బర్న్ లాంటి వాటిని రోజంతా హ్యాంగర్లోనే ఉంచి, సాయంత్రం గాలి పడిపోయాకే బయటికి తెస్తారు. గాలి పడిపోకపోతే అవి ఆ రోజు ఎగరవు. టికెట్ కొన్న వేలమంది ఎదురుచూస్తున్నా సరే, ఎగరవు. ఎగిరినా బ్లెరియో మైదానం దాటదు, ఈ చివర నేల విడిచి ఆ చివర దిగుతుంది.

వీటిలో చాలావాటికి ఉండే రోటరీ ఇంజన్ ఎలా పనిచేస్తుందో దగ్గర నుంచి చూస్తే, కాలాల మధ్య దూరం ఎంతో తెలుస్తుంది. ఈ ఇంజన్లో ఇరుసు కదలకుండా విమానానికి బిగించి ఉంటుంది. సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటే గిరగిరా తిరుగుతాయి. విమానం ముక్కున అంత బరువు తిరుగుతుంటే ఒక పక్కకు తిరగడం తేలిక, రెండో పక్కకు కష్టం. మామూలు మోటారు బండిలోలాగా వేగం తగ్గించి పెంచే వీలు దీనికి సరిగా ఉండదు. దిగేటప్పుడు పైలట్ ఒక మీట నొక్కి నిప్పురవ్వను ఆపుతాడు, వదులుతాడు, మళ్లీ ఆపుతాడు. కింద ఉన్నవారికి ఇంజన్ ఆగి ఆగి గురకపెట్టినట్టు వినిపించే చప్పుడు అదే. మొదలుపెట్టేటప్పుడు ఇద్దరు ముగ్గురు రెక్కల అంచులు పట్టుకుని నిలబడతారు, చక్రాల ముందు చెక్కదిమ్మలు పెడతారు, ఒకరు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పి చటుక్కున వెనక్కి తప్పుకుంటారు. నీలం రంగు పొగ ఒక్కసారి ఎగజిమ్ముతుంది. గాలివాలున నిలబడ్డ వారికి మాడిన ఆముదం వాసన వస్తుంది.

అది నిజంగా ఆముదమే. రోటరీ ఇంజన్లో నూనె, పెట్రోలు ఒకే చోట కలుస్తాయి. మామూలు ఖనిజ నూనె పెట్రోలులో కరిగి పలచబడిపోతుంది, ఆముదం అంత సులువుగా కరగదు, వేడికి కూడా నిలుస్తుంది. వాడిన నూనె మళ్లీ ఇంజన్లోకి తిరిగి రాదు, పొగతో పాటు బయటికి చిమ్ముతుంది, పైలట్ ముఖం మీద పడుతుంది. గంటల తరబడి ఆ ఆవిరి పీల్చిన పైలట్ల కడుపులు పాడయ్యేవి. ఆముదం గుణం తెలిసిన తెలుగు పాఠకులకు కారణం వేరే చెప్పనక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల కోసం ఆముదపు గింజలు కావలసి వచ్చినప్పుడు అమెరికా సహా అందరూ చూసింది భారతదేశం వైపే. పాలమూరు, నల్గొండ మెట్ట పొలాల్లో పండే ఆ పంటకు యూరప్ యుద్ధంతో ఇలాంటి చుట్టరికం ఒకటుందని మన దగ్గర గుర్తున్నది చాలా తక్కువ మందికి.

ఓల్డ్ వార్డెన్‌లో జనం నిలబడే గీత ఒక చోట వంగి ఉంటుంది. ఆ వంపు వెంట విమానం వాలి తిరుగుతూ వచ్చినప్పుడు దాని రెక్కల పైభాగం మొత్తం చూసేవారి వైపు తెరుచుకుంటుంది. తిన్నటి గీత ఉన్న పెద్ద విమానాశ్రయాల్లో ఎక్కువగా దొరికేది విమానం పొట్ట. ఇక్కడ దొరికేది వీపు. ఆ వీపు మీది ఎర్ర రంగుతో మెరిసే డిహెచ్ 88 కామెట్‌ను ఇక్కడ చూసినవారు మరిచిపోరు. రెండు ఇంజన్ల ఈ చెక్క విమానం 1934 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వరకు జరిగిన పందెంలో గెలిచింది. స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ అనే ఇద్దరు పైలట్లు మూడు రోజుల లోపే ఆ దూరం దాటారు. మార్గమధ్యంలో వాళ్లు తప్పనిసరిగా ఆగాల్సిన ఐదు చోట్లలో ఒకటి మన అలహాబాద్. ఒకే సాయంత్రం బ్లెరియో గెంతు, కామెట్ దూకుడు చూస్తే వాటి మధ్య పాతికేళ్లే గడిచాయన్న మాట నమ్మబుద్ధి కాదు. సంఖ్యల్లో చదివితే అంత తేడా తెలియదు, ఒకే గడ్డి మీద నుంచి రెండూ లేస్తేనే తెలుస్తుంది.

డక్స్‌ఫర్డ్‌కు లండన్ నుంచి కేంబ్రిడ్జ్ వెళ్లే రైల్లో విటిల్స్‌ఫర్డ్ పార్క్‌వేలో దిగాలి. మైదానం చివర ఎం 11 మోటార్‌వే మీద లారీలు సాగుతుంటాయి. ఇక్కడ పరిమాణం మారిపోతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కట్టిన ఈ స్థావరానికి 1938 ఆగస్టు 4న స్పిట్‌ఫైర్ వచ్చింది. ఆ విమానం స్క్వాడ్రన్ సేవలో చేరిన తొలి స్థావరం ఇదే, అందుకున్నది 19వ స్క్వాడ్రన్. 1940లో ఫైటర్ పైలట్ డగ్లస్ బేడర్ అనేక స్క్వాడ్రన్లను ఒక్క గుంపుగా నడిపించింది ఇక్కడి నుంచే. 1943 నుంచి అమెరికన్ల 78వ ఫైటర్ గ్రూప్ ఇక్కడ ఉంది. 1961లో వైమానిక దళం ఖాళీ చేసి వెళ్లింది. 1968లో ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ సినిమా కోసం ఒక అసలైన హ్యాంగర్‌ను ఇక్కడే పేల్చేశారు. 1970లలో ఇంపీరియల్ వార్ మ్యూజియం ఈ చోటును తీసుకుంది. మిగిలిన హ్యాంగర్లలో మ్యూజియంతో పాటు, విమానాలు బాగుచేసే ప్రైవేటు వర్క్‌షాపులూ ఉన్నాయి. చూడవచ్చిన వారు తాడుకు ఇవతల నిలబడి, అవతల ఒక మెకానిక్ ఇంజన్ విప్పడం చూడవచ్చు.

ఆ వర్క్‌షాపుల్లో ఓపిక ఎంత ఉండాలో బ్రిస్టల్ బ్లెన్‌హైమ్ కథ చెబుతుంది. దాన్ని పన్నెండేళ్లు కష్టపడి బాగుచేసి 1987లో ఎగరేస్తే, నెల తిరిగేలోపు ప్రదర్శనలో కూలిపోయింది. ఆ బృందమే మరో విమానాన్ని తయారుచేసి 1993లో ఎగరేసింది. అది 2003లో డక్స్‌ఫర్డ్‌లోనే దిగుతూ దెబ్బతింది. మూడోసారి బాగుచేసేటప్పుడు దానికి పెట్టిన ముక్కుభాగం ఎక్కడిదంటే, యుద్ధం తరవాత బ్రిస్టల్ కంపెనీ ఉద్యోగి ఒకాయన ఆ ముక్కును తెచ్చుకుని ఎలక్ట్రిక్ కారుగా మార్చుకుని రోడ్డు మీద నడిపాడు. ఆ కారు మళ్లీ విమానంలో భాగమై 2014 నవంబరులో గాలిలోకి లేచింది.

డక్స్‌ఫర్డ్‌కు పేరు తెచ్చిన దృశ్యం మాత్రం ‘బాల్బో’. ఇటలీకి చెందిన ఇటాలో బాల్బో 1933లో 24 సముద్ర విమానాలను ఒక్క గుంపుగా అట్లాంటిక్ దాటించి షికాగో చేర్చాడు. అప్పటి నుంచి పెద్ద గుంపుగా ఎగిరే విమానాలకు ఆ పేరు స్థిరపడింది. ది ఫైటర్ కలెక్షన్ అనే సంస్థ ‘ఫ్లయింగ్ లెజెండ్స్’ పేరిట 2019 వరకు ఇక్కడ ఏటా జరిపిన ప్రదర్శనను బాల్బోతోనే ముగించేవారు. స్పిట్‌ఫైర్లు, మస్టాంగ్‌లు, కోర్సెయిర్లు, ఓడ మీద నుంచి లేవడానికి పుట్టినవి, నీళ్లతో చల్లబడే ఇంజన్లవి, గాలితో చల్లబడే ఇంజన్లవి, అన్నీ ఒకదాని వెంట ఒకటి లేచి మైదానానికి దూరంగా గుమిగూడేవి. గుంపు కుదరడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో ఆకాశం ఖాళీగా కనిపించకుండా ‘జోకర్’ అనే ఒంటరి విమానం జనం ముందు గిరికీలు కొట్టేది. ఆ తరవాత చెట్ల వెనక నుంచి గుంపు మొత్తం ఒక్కసారి పైకి వచ్చేది. ముందు కాళ్ల కింద నేల అదిరేది, ఆ తరవాతే చప్పుడు చెవికి చేరేది.

గుంపు కుదరడమంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఫార్మేషన్లో ప్రతి పైలట్ చూసేది ముందున్న నాయక విమానాన్నే. నేలను చూడడు, తన ముందున్న డయళ్లను కూడా తప్పనిసరైతే తప్ప చూడడు. నాయక విమానం మీద రెండు గుర్తులు ఎంచుకుంటాడు. ఉదాహరణకు రెక్క చివర, పొగగొట్టం చివర ఒకే వరసలో కనిపిస్తున్నంత సేపూ తాను ఉండాల్సిన చోటే ఉన్నాడన్నమాట. ఆ రెండూ విడిపోతే ముందుకో వెనక్కో జరిగాడు. ఒకే రకం విమానాలైతే ఈ గుర్తులు శిక్షణలోనే చేతికి వచ్చేస్తాయి. వేర్వేరు రకాలైతే ప్రతి జతకూ గుర్తులు వేరు. మస్టాంగ్ మీద కుదిరింది కోర్సెయిర్ మీద కుదరదు. నాయకుడు పవర్ తగ్గించినప్పుడు తేలిక విమానం ఒక్కసారి నెమ్మదిస్తుంది, బరువైనది జారుతూనే పోతుంది. మలుపులో లోపలి విమానం తక్కువ దూరం, బయటి విమానం ఎక్కువ దూరం పోవాలి. కాబట్టి శక్తి మిగిలి ఉన్న విమానాన్ని బయట పెడతారు. నెమ్మదిగా పోయేదాన్ని సాధారణంగా నాయకుడి స్థానంలోనో, మలుపు లోపలి పక్కనో ఉంచుతారు.

ముందు ఎవరుండాలన్నది హోదా విషయం కాదు, లెక్క విషయం. వేగమైన విమానం ముందుండి నెమ్మదైనదాన్ని లాక్కుపోలేదు. నెమ్మదైనది తనకు సుఖమైన వేగంలో ముందు సాగితే, వేగమైనది తన రెక్కలకు, ఇంజన్లకు వీలైనంతలో దానికి సర్దుకుంటుంది. ఊరేగింపులో పల్లకి మోసేవారి అడుగుకే మేళం సర్దుకున్నట్టు. పైగా జెట్ వెనక వేడిగాలి, రెక్కల చివరల నుంచి లేచే సుడులు చిన్న విమానాన్ని తిరగేయగలవు. అందువల్ల కూడా జెట్ పక్కనో వెనకో ఉంటుంది, ముందుండదు.

ఈ విమానాల చరిత్రలో తెలుగు యాత్రికులు తమ ఊరి పేరును అనుకోని చోట చూస్తారు. 1918లో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు ఇచ్చిన డిహెచ్ 9ఏ బాంబర్లు హైదరాబాద్ నిజాం కానుక. ప్రతి విమానం మీదా ఆ సంగతి రాసి ఉండేది. స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు స్థిరపడింది. వాటిలో ఒకటి, ఎఫ్ 1010 నంబరుది, 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియం చేరి, అక్కడి నుంచి పోలండ్‌కు పోయి, 1977లో బ్రిటన్‌కు తిరిగి వచ్చింది. ఇప్పుడది రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం సొత్తు. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు ఎగరేసిన 152వ స్క్వాడ్రన్‌దీ హైదరాబాద్ పేరే, చిహ్నం నిజాం తలపాగా. హరికేన్లు ఎగరేసిన 253వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్టేట్. నిజాం ఖజానాలోని ఆ సొమ్ము తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు కట్టిన శిస్తు. మ్యూజియం పలకల మీద దాత పేరు ఒక్కటే కనిపిస్తుంది. చదివే తెలుగువారు శిస్తు కట్టిన రైతును కూడా కలుపుకుని చదవాలి.

కానింగ్స్‌బీ చేరేసరికి నేల పూర్తిగా చదునైపోతుంది. లింకన్‌షైర్‌లో యుద్ధకాలపు బాంబర్ స్థావరాలు అంత దగ్గర దగ్గరగా ఉండడానికి ఈ చదునే కారణం. టాటర్‌షల్ ఇటుక కోట దాటాక స్థావరపు కంచె వస్తుంది. రన్‌వే చివర రోడ్డు పక్కన నిచ్చెనలు, కెమెరాలు పట్టుకుని నిలబడేవారు ఏ రోజైనా కనిపిస్తారు. ప్రదర్శన రోజు కానక్కర్లేదు. టైఫూన్ జెట్ ఫైటర్లు ఈ స్థావరం నుంచే రోజూ ఎగురుతాయి, వాటితో పాటే ఇక్కడ బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ మెమోరియల్ ఫ్లయిట్ హ్యాంగర్ కూడా ఉంది. 1957లో బిగిన్ హిల్‌లో మొదలైన ఈ దళం 1976లో ఇక్కడికి వచ్చింది. దీని దగ్గర స్పిట్‌ఫైర్లు, రెండు హరికేన్లు, ఒక డకోటా, ఒక ల్యాంకాస్టర్ ఉన్నాయి. పి 7350 నంబరు స్పిట్‌ఫైర్ 1940 నాటి బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో నిజంగా పోరాడినది. పిఎస్ 915 నంబరు స్పిట్‌ఫైర్‌కు కొంతకాలం బర్మా రంగంలోని 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ రంగులు వేశారు, దుమికే నల్ల చిరుత బొమ్మతో సహా.

ల్యాంకాస్టర్‌తో స్పిట్‌ఫైర్, హరికేన్ కలిసి ఎగరడం ఈ దళానికి గుర్తుగా మారింది. ఈ మూడూ ఒకే యుద్ధానివి కాబట్టి వేగం కుదర్చడం అంత కష్టం కాదు. గంటకు 280 కిలోమీటర్ల దరిదాపులో ల్యాంకాస్టర్ ముందు సాగుతుంది, ఫైటర్లు చెరో పక్కా ఉంటాయి. మొత్తం 7,377 ల్యాంకాస్టర్లు తయారైతే ఎగరగలిగే స్థితిలో నిలుపుకున్నవి రెండే. ఒకటి కానింగ్స్‌బీలోని పిఎ 474, రెండోది కెనడాలో హామిల్టన్ మ్యూజియంలో ఉంది. 2014 ఆగస్టులో ఆ కెనడా విమానం గూస్ బే, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ మీదుగా సముద్రం దాటి ఇక్కడికి వచ్చింది. దాదాపు నెలన్నర పాటు రెండూ కలిసి బ్రిటన్ అంతటా ఎగిరాయి. ఎనిమిది మెర్లిన్ ఇంజన్ల మోత విన్న వృద్ధులు, ఒకప్పుడు వాటిలో గన్నర్లుగా, నావిగేటర్లుగా కూర్చున్నవారు, కంచె దగ్గర టోపీలు తీసి నిలబడ్డారు.

ఆ ఆగస్టులోనే లింకన్‌షైర్ మీద ఈ రెండు ల్యాంకాస్టర్లతో కలిసి వల్కన్ జెట్ బాంబర్ ఎగిరింది. కాలాల కలయికలన్నిటిలో ఎక్కువ అర్థమున్నది ఇదేనని చెప్పవచ్చు. మూడింటి రూపకల్పనా ఏవ్రో కంపెనీదే. ల్యాంకాస్టర్‌ను రూపొందించిన రాయ్ చాడ్విక్కే వల్కన్ తొలి ఆలోచనకూ కర్త. వల్కన్ లేవకముందే, 1947లో, మరో ఏవ్రో విమానం కూలి చనిపోయాడు. ల్యాంకాస్టర్ తొలిసారి ఎగిరింది 1941 జనవరిలో, వల్కన్ 1952 ఆగస్టులో. పదకొండేళ్లలో నాలుగు ప్రొపెల్లర్ల బాంబర్ నుంచి త్రికోణపు రెక్కల జెట్ దాకా వచ్చారు. ఆ త్రికోణపు రెక్కే వల్కన్‌కు ఇక్కడ సాయపడింది. ముక్కు పైకెత్తి పట్టుకుంటే తక్కువ వేగంలో కూడా గాలి మీద నిలుస్తుంది. అంత పెద్ద జెట్ ముసలి ల్యాంకాస్టర్ల అడుగుకు సర్దుకుంటూ సాగడం కింద నిలబడ్డవారికి స్పష్టంగా కనిపించింది. మరుసటి ఏడాది, 2015 అక్టోబరులో, వల్కన్ ఎగరడం ఆగిపోయింది. దాని భద్రతకు హామీ ఇస్తూ వచ్చిన పెద్ద కంపెనీలు ఇక ముందు బాధ్యత తీసుకోలేమన్నాయి. ఆ రకపు విమానం మీద పనిచేసిన ఇంజనీర్లు వయసు మీరిపోయారు. విడిభాగం దొరకడం కంటే, విడిభాగం సరైనదని సంతకం పెట్టగలిగిన మనిషి దొరకడమే కష్టం.

అదే 2015లో, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌కు 75 ఏళ్లు నిండిన సందర్భంగా ఒక టైఫూన్‌కు 1940 నాటి ఆకుపచ్చ, గోధుమ రంగులు వేసి స్పిట్‌ఫైర్‌తో జతగా ఎగరేశారు. రెండూ కలిసి రావడం, విడిపోయి ఎదురెదురుగా దాటడం, మళ్లీ కలవడం ఆ ప్రదర్శన క్రమం. టైఫూన్ మీద వేసిన అక్షరాలు జేమ్స్ నికల్సన్ హరికేన్‌వి. ఆ యుద్ధంలో బ్రిటిష్ ఫైటర్ పైలట్లలో విక్టోరియా క్రాస్ పొందింది అతనొక్కడే. మంటలంటుకున్న విమానంలోనే ఉండి శత్రువు మీద కాల్పులు జరిపాడు. ఆ తరవాత భారతదేశానికి వచ్చి, బర్మా రంగంలో పనిచేసి, 1945 మేలో మన బంగాళాఖాతంలోనే విమానం కూలి మరణించాడు.

అమెరికాలో ఇదే పనిని వైమానిక దళం 1997 నుంచి ‘హెరిటేజ్ ఫ్లయిట్’ పేరిట ఒక పద్ధతి ప్రకారం చేస్తోంది. మస్టాంగ్ ముందు, దాని పక్కన ఎఫ్ 22 లేదా ఎఫ్ 35. ప్రదర్శనల సీజను మొదలయ్యే ముందు ఈ పైలట్లంతా ఏటా ఆరిజోనాలో టూసాన్ దగ్గరి స్థావరంలో కలిసి సాధన చేస్తారు. ఎవరు పడితే వారు ఈ జతలో చేరలేరు.

ఇంత కట్టుదిట్టం ఊరికే రాలేదు. 2011 జులైలో డక్స్‌ఫర్డ్‌లో మస్టాంగ్, స్కైరెయిడర్ కలిసి ఎగురుతూ విడిపోయే క్షణంలో ఢీకొన్నాయి. ఒకటి 1940ల మధ్యది, మరొకటి దాని కంటే బాగా బరువైనది. మస్టాంగ్ పైలట్ పారాచూట్‌తో దూకి బతికాడు, స్కైరెయిడర్ రెక్క కొస పోగొట్టుకుని దిగింది. 2015 ఆగస్టులో షోరమ్‌లో ఒక పాత హంటర్ జెట్ గిరికీ పూర్తిచేయలేక రోడ్డు మీద పడి 11 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ప్రదర్శనకు వచ్చినవారు కూడా కాదు, దారిన పోతున్నవారు. బ్రిటన్‌లో నియమాలు ఆ తరవాత చాలా బిగిశాయి. 2022 నవంబరు 12న అమెరికాలోని డాలస్‌లో బి 17 బాంబర్‌ను పి 63 ఫైటర్ ఢీకొని రెండింటిలోనూ ఉన్న ఆరుగురూ చనిపోయారు. ఫైటర్ల గుంపు, బాంబర్ల గుంపు ఒకే మైదానం మీద వేర్వేరు దారుల్లో ఎగురుతుండగా, వాటికి వేర్వేరు ఎత్తులు ముందుగా కేటాయించలేదని దర్యాప్తు తేల్చింది. మలుపులో వాలిన ఫైటర్ పైలట్‌కు తన రెక్క, ముక్కు అడ్డొచ్చి కింద ఉన్నది కనిపించదు. ‘చూసుకుని తప్పుకోండి’ అన్న సూత్రం వేగాలు వేరైనప్పుడు చాలదు. పాత విమానాలను ఎగరేయకుండా మ్యూజియాల్లో పెట్టేయాలనే వాదన ప్రతి ప్రమాదం తరవాతా లేస్తుంది. ప్రాణాల సంగతి కాబట్టి ఆ వాదనను తేలిగ్గా తీసేయకూడదు. అయినా ఓల్డ్ వార్డెన్‌లో సాయంత్రం గాలి పడేదాకా ఆగే ఓపికే దానికి సరైన సమాధానం. పరిస్థితి అనుకూలించనప్పుడు ఎగరకపోవడం ఈ విద్యలో సగం.

భారతదేశంలో ఈ పని చిన్న పాయలో సాగుతోంది. వైమానిక దళం దగ్గర టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా ఎగిరే స్థితిలో ఉన్నాయి. డకోటాకు పరశురామ అని పేరు, విపి 905 నంబరు. తుక్కుగా మారబోతున్న విమానాన్ని అప్పటి పార్లమెంటు సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ కొని, బ్రిటన్‌లో బాగుచేయించి 2018లో దళానికి కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి డకోటా పైలట్. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ విమానం కోవెంట్రీ నుంచి యూరప్, అరబ్ దేశాల మీదుగా ఎగిరి వచ్చింది, మే 4న హిండన్‌లో దళంలో చేరింది. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు సైనికులను శ్రీనగర్‌లో దింపిన డకోటా నంబరునే దీనికి పెట్టారు. హైదరాబాద్‌వారికి ఈ విమానం మరో విధంగా కూడా తెలిసినదే. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో మొదలుపెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది డకోటాలనే. 1953లో జాతీయం చేసేదాకా అవి తిరిగాయి.

గణతంత్ర దినోత్సవంలో ఈ డకోటాను వేరే కాలపు విమానాలతో కలిపి రెండు విధాల ఎగరేశారు. 2022లో ‘టాంగైల్’ ఫార్మేషన్లో డకోటా మధ్యలో, చెరో పక్కా ఒక డోర్నియర్ ఉన్నాయి. 1971 డిసెంబరు 11న బంగ్లాదేశ్‌లోని టాంగైల్ దగ్గర పారాచూట్ సైనికులను దింపిన విమానాల్లో డకోటాలు కూడా ఉన్నందుకు ఆ పేరు. డోర్నియర్లు కాన్పూర్‌లోని హెచ్‌ఏఎల్‌లో తయారైనవి. వయసులో తేడా నలభై ఏళ్లకు పైమాటే అయినా, అవి కూడా ప్రొపెల్లర్లతో పొట్టి రన్‌వేల మీద నెమ్మదిగా దిగడానికి పుట్టినవే కాబట్టి డకోటా పక్కన ఇబ్బంది లేకుండా ఒదుగుతాయి. అంతకు ముందు ఏడాది, 2021లో, ‘రుద్ర’ ఫార్మేషన్లో డకోటాకు అటూ ఇటూ ఎగిరినవి మి 17 హెలికాప్టర్లు. వాటి గరిష్ఠ వేగం గంటకు 250 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ముందు నడిచింది డకోటాయే అయినా వేగం నిర్ణయించింది హెలికాప్టర్లు. పాత విమానమే పవర్ తగ్గించుకుని, కొత్తవాటికి సర్దుకుని నేటి కర్తవ్య పథ్ మీదుగా సాగాల్సి వచ్చింది.